పెరుగన్నానికి ఆగిన లారీలు

మా మేడమీద కాపురముండే అలివేలు ఒక ఆదివారం మధ్యాహ్నం రెండు గరిటెల పెరుగన్నంతో హార్బరు మొత్తాన్ని ఆపేసింది. సింగపూరు పోవలసిన ఓడ, కొలంబో పోవలసిన ఓడ, రెండూ లంగరెత్తి కూడా కదలలేక నిలబడిపోయాయి. కెప్టెన్లు దుర్భిణీలు పెట్టుకుని ఎన్నూరు వైపు చూశారు. ఆమె గిన్నెకు మూత పెట్టిన తర్వాతే సముద్రం మీద వ్యాపారం మళ్ళీ మొదలైంది.

నేను చదువుకున్న కాన్వెంటులో సిస్టర్లు ఒక అలవాటు నేర్పారు. అబద్ధం ఆడితే వెంటనే ఒప్పుకోవాలి, ఒప్పుకుంటే సగం మాఫీ. కాబట్టి సగం వెనక్కి తీసుకుంటున్నాను. ఓడలు ఆగడం నేను కళ్ళారా చూడలేదు. ఆగింది హార్బరుకు పోయే లారీల వరుస. అదీ మొత్తం వరుస కాదు, మేమున్న చోటి నుంచి వెనక్కి. పెరుగన్నం మాత్రం నిజం. గరిటెలు రెండా మూడా అన్నదొక్కటే అనుమానం.

చెన్నై వ్యాసర్పాడిలో మా ఇంటికీ రైల్వే యార్డుకూ మధ్య ఒక గోడ అడ్డం, అంతే. ఇంజన్లు ఇటూ అటూ పోతుంటే మా వంటింట్లో గిన్నెలు వాటంతట అవే సర్దుకుంటాయి. కింద నేనూ మా ఆవిడా, పైన అలివేలూ, ఆమె భర్త జయప్రకాషూ, ఇద్దరు పిల్లలూ. నందితకు ఏడేళ్ళు, దీపక్‌కు నాలుగు. అలివేలు మాకు దూరపు చుట్టం, నన్ను పెద్దనాయనా అంటుంది. జార్జిటౌన్‌లో ఒక పప్పుల హోల్‌సేల్ కొట్లో లెక్కలు రాస్తుంది. నేను రిటైరయ్యేదాకా కూర్చున్నదీ ఆ కొట్లోనే, ఆ కుర్చీలోనే. కూర్చున్న వారం రోజులకే కుర్చీకి ఒక కాలు పొట్టి అని కనిపెట్టి బాగు చేయించింది. నేను జీవితమంతా నేల వంకర అనుకున్నాను.

జయప్రకాష్ కంటైనర్ లారీ నడుపుతాడు. పిల్లలు లేవకముందే పోతాడు, వాళ్ళు పడుకున్నాక వస్తాడు. అతని సెలవు ఎప్పుడు పడుతుందో అతనికే తెలీదు. ఆదివారం మాత్రం పడదు. కొట్టుకేమో ఆదివారమే సెలవు. కాబట్టి ఆదివారం వస్తే అలివేలు ఒక గుడ్డసంచి భుజాన వేసుకుని, చెరొక చేత ఒక బిడ్డను పట్టుకుని పది గంటలకల్లా వీధి దాటేది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు వచ్చేది. పిల్లల ముక్కుల మీద మసి, చెప్పుల్లో ఇసుక, మొహాల నిండా కబుర్లు.

నా బాధ అక్కడ మొదలైంది. మా వీధి పిల్లలకు ఆదివారం సాయంత్రం కథ చెప్పేది నేను. మా అరుగు మీద నా కథలకు ఇన్నేళ్ళలో పోటీ అంటూ లేదు. అలాంటిది ఒక్కొక్క పిల్లే జారుకుని మేడమెట్ల మీద నందిత చుట్టూ చేరడం మొదలుపెట్టారు. ఒక వారం ఆ పిల్ల మబ్బులు తయారుచేసే గొట్టాలను చూసి వచ్చింది. ఇంకో వారం రాళ్ళ సందుల్లో పక్కకు నడిచే ఎండ్రకాయల ఊరు చూసింది. మరో వారం బొట్టు పెట్టుకుని కళ్ళు గీయించుకున్న పడవలను చూసింది. నేను మూడు తలల ఏనుగు చెబుతుంటే మా ముందింటి పిల్లవాడు ఆవలించి, అది నువ్వు చూశావా తాతా అని అడిగాడు. నందిత చూసింది కదా మరి.

వీధిలోని ఆడవాళ్ళకూ అదే ఆసక్తి. వాళ్ళు పిల్లల్ని మాల్‌కు తీసుకుపోతే పర్సు ఖాళీ, పిల్లలు ఏడుపు. ఈమెకు రైలు టికెట్టు తప్ప ఖర్చే లేదు, పిల్లలేమో నవ్వుతూ వస్తారు. ఎక్కడికి పోతున్నావో మాకూ చెప్పు అని అడిగితే, అలివేలు, ఊరికే అట్టా పోయొస్తాం అనేది. మాల్ గురించి అడిగితే మాత్రం వెంటనే జవాబు వచ్చేది.

"ఆడ అన్నీ చూడొచ్చక్కా, ఏదీ తాకకూడదు. పిల్లకాయలకు అది శిక్ష."

ఇలా ఉండగా ఒకరోజు దీపక్ బడిలో టీచరమ్మ పిల్లలందర్నీ మీ నాన్న ఏం చేస్తాడని అడిగింది. ఒకడు మా నాన్న కరెంటు పని అన్నాడు, ఒకతె మా నాన్న ఇడ్లీ కొట్టు అంది. మావాడి వంతు వచ్చింది. మా నాన్న కూర్చుంటాడు అన్నాడు. లారీ నడుపుతాడు కదా అని టీచరమ్మ అందించింది. వాడు ఒప్పుకోలేదు. లారీ నడవదు, అది ఉంటుంది, దాంట్లో మా నాన్న కూర్చుంటాడు, అదే పని అని వివరంగా చెప్పాడు. నందిత ఇది వీధి నిండా చాటింది. అందరం నవ్వాం. ఆ రోజు అరుదుగా త్వరగా వచ్చిన జయప్రకాష్ కూడా నవ్వాడు. తర్వాత కిందికి వచ్చి నా పక్కన అరుగు మీద కూర్చున్నాడు.

"తెల్లారి లేచింది మొదలు నడపతానే ఉండా మామా. నా కొడుకు నన్ను వాచ్‌మన్ అనుకుంటాండాడు."

చిన్నపిల్లాడి మాట, పట్టించుకోకు అన్నాను. ఒక్కసారి వాడు చూస్తే చాలు అన్నాడు. బండి తన చేతుల్లో కదలడం వాడు ఒక్కసారి చూస్తే చాలట. చూపించవయ్యా మరి అంటే తల అడ్డంగా ఊపాడు. బండి ఓనరుది. కదిలే బండిలో పిల్లల్ని ఎక్కించకూడదని గట్టి రూలు, సూపర్‌వైజరు మోటారుసైకిల్ వేసుకుని తిరుగుతుంటాడు, దొరికితే ఆ పూటతో పని సరి.

అతను పైకి పోయాక నాకు ఒక సంగతి తట్టింది. అంత పెద్ద లారీ మా వీధి మలుపే తిరగదు. మరి దీపక్ దాన్ని ఎక్కడ చూశాడు? అది 'ఉండటం' వాడికి ఎలా తెలిసింది?

మరునాడు ఒక కమ్మర్‌కట్టు వాడి నోట్లో పెట్టి ఆదివారం ఎక్కడికి పోతారు నాయనా అని అడిగాను. బుగ్గ ఉబ్బించుకుని, ఇంటికి అన్నాడు. ఏ ఇల్లు అంటే, నాలుగు మెట్లెక్కాలి, లోపల మంచం ఉంది, దేవుడున్నాడు, ఫ్యాను ఉంది, చక్రాలున్నాయి, కానీ పోదు అన్నాడు. అంతలో నందిత వచ్చి వాడి నోరు మూసింది, కమ్మర్‌కట్టుతో సహా.

ఆ శనివారం నేను అలివేలు దగ్గరికి పోయి, డాక్టరు నా మోకాళ్ళకు సముద్రపు గాలి రాశాడని చెప్పాను. ఆమె నా మోకాళ్ళ వైపు చూడలేదు, నా కళ్ళలోకి చూసింది.

"వస్తే రా పెద్దనాయనా. తిరిగొచ్చినాక కత చెప్పకూడదు."

చెప్పను అని మాటిచ్చాను. వీపు వెనక వేలు మీద వేలు మెలిపెట్టి ఇచ్చాను. అలా ఇస్తే మాట తప్పినా పాపం అంటదని కాన్వెంటులో పిల్లలం నమ్మేవాళ్ళం. సిస్టర్లు నమ్మేవాళ్ళు కాదు.

ఆదివారం సంచి సర్దడం చూశాను. అడుగున చాప, దాని మీద పులిహోర గిన్నె, పెరుగన్నం గిన్నె, అరిటాకు ముక్కలు, నీళ్ళ సీసాలు, మొహాలు తుడవడానికి తడిగుడ్డ. అన్నీ అయ్యాక ఆమె ఫోన్ తీసి, యాడ ఉండావు అని ఒక్క ముక్క అడిగింది. అవతల చెప్పింది విని, సరి, కత్తివాక్కం అని పెట్టేసింది.

అప్పుడు నాకు అంతా అర్థమైంది. పిల్లలకు వారానికొక కొత్త చోటు ఎంచి పెడుతున్నది అలివేలు కాదు, లారీల వరుస. ఎన్నూరు అవతల సరుకు ఎక్కించుకున్న లారీ సముద్రపు రోడ్డు పట్టుకుని హార్బరు గేటు దాకా వరుసలో నత్తలా జరుగుతుంది. మధ్యాహ్నానికి అది ఎక్కడ చిక్కుకుంటే ఆ దగ్గరి స్టేషన్లో వీళ్ళు దిగుతారు. ఎన్నూరులో చిక్కుకున్న వారం కరెంటు ప్లాంటు పొగ వదిలే మబ్బుల గొట్టాలు, తిరువొత్తియూరులో చిక్కుకున్న వారం ఎండ్రకాయలు, అదృష్టం బాగుండి కాశిమేడు చేపలరేవు దాకా పోయిన వారం కళ్ళున్న పడవలు. ఏ చోటికి పోయినా చివర ఒకటే ఇల్లు, నాలుగు మెట్లది.

మా పేట జీవా స్టేషన్లో రైలెక్కి, బేసిన్ బ్రిడ్జిలో గుమ్మిడిపూండి బండికి మారాం. ఆదివారం కాబట్టి పిల్లలిద్దరికీ కిటికీలు దొరికాయి. కత్తివాక్కంలో దిగి సందులు దాటేసరికి ఎదురుగా సముద్రం, దానికి అడ్డంగా లారీలు. ఎర్ర డబ్బా, నీలం డబ్బా, ఆకుపచ్చ డబ్బా, కంటికి ఆనినంత దూరం, దుమ్ములో రంగుల గోడ కట్టినట్టు. పిల్లలకు ఒక ఆట ఉంది. నడుస్తూ నందిత ఒక రంగు చెబుతుంది, ఆ రంగు డబ్బా వచ్చేదాకా దీపక్ ఊపిరి బిగబట్టాలి. వాడు పసుపుకు ఓడిపోయాడు, నేను గులాబీకి ఓడిపోయాను. గులాబీ డబ్బా కోసం నేను గంటసేపు ఊపిరి బిగబట్టాను. గంట కాకపోవచ్చు.

జయప్రకాష్ మమ్మల్ని చూసి తలుపు తీశాడు. నన్ను చూసి ఒక్క క్షణం భార్య వైపు చూశాడు. సరే, దొంగల్లో ఇంకొకడు కలిశాడు అన్నట్టు నవ్వి చెయ్యి అందించాడు. పిల్లలు చెప్పింది అక్షరాలా నిజం. లోపల పడుకునే మంచం, చిన్న ఫ్యాను, దేవుడి పటం, మల్లెచెండు, అద్దానికి వేలాడే నిమ్మకాయ. ఎత్తు మీద నుంచి చూస్తే సముద్రం పక్కింటి పెరడులా ఉంటుంది. దీపక్ స్టీరింగు పట్టుకుని నోటితో చప్పుడు చేయడం లేదు. మామూలుగా పిల్లలు చేస్తారు కదా. వీడు దాని మీద చెంప ఆనించి బొంత మీద పడుకున్నట్టు పడుకున్నాడు. స్టీరింగు అంటే వాడికి దిండు.

ఈ వేళకే ఎందుకు వస్తావమ్మా అని అలివేలును అడిగాను. మధ్యాహ్నం గేటు దగ్గర షిఫ్టు మారుతుందట, అప్పుడు వరుస కదలదట. కదలని బండి అయితే భయం లేదు, రూలూ తప్పదు. అంత జాగ్రత్తగా వేళ చూసుకుని బిడ్డల్ని తీసుకొస్తోంది. ఆ జాగ్రత్త వల్లనే వీడు ఇన్ని ఆదివారాలూ తండ్రి బండి కదలగా చూడలేదు. ఆ మాట నేను అనలేదు. ఆమెకు తెలిసే ఉంటుంది, సంచిలోంచి ఆకులు తీస్తూ తల ఎత్తలేదు.

లారీ నీడలో చాప పరిచింది. ఒక పక్క చక్రాలు, ఒక పక్క అలలు కొట్టుకునే నల్లరాళ్ళు. వెనక లారీ డ్రైవరు పాల్‌రాజ్, తూత్తుకుడి మనిషి, తన కాఫీ ఫ్లాస్కు తెచ్చి ఇచ్చి, తన వంతు పులిహోర తీసుకుని బండెక్కి కూర్చున్నాడు. ఇది వాళ్ళకు ప్రతివారం ఉన్న ఒప్పందం లాగుంది. మేము అయిదుగురం ఆకుల ముందు కూర్చున్నాం. పులిహోర పొగడను. పొగిడితే నా మాట మీద మీకున్న కాస్త నమ్మకం పోతుంది.

మా వాళ్ళకు ఒక పట్టింపు ఉంది. ఆకు ముందు కూర్చున్నాక పెరుగన్నం తినకుండా లేవకూడదు. అందులోనూ బండెక్కవలసిన వాడు అసలు లేవకూడదు. మా తాత వరదలో నీళ్ళు నడుం దాకా వచ్చినా పెరుగన్నం ముగించి లేచాడని మా నాయనమ్మ చెప్పేది. నేను చెప్పేటప్పుడు మెడ దాకా పెంచాను.

పులిహోర అయింది. అలివేలు పెరుగన్నం గిన్నె మూత తీసింది. అప్పుడు ముందు లారీ బుస్సుమని గాలి వదిలి కదిలింది.

ఎందుకు కదిలిందో దేవుడికి తెలియాలి. గేటు దగ్గర ఎవరైనా కొత్తగా పనిలో చేరి ఉత్సాహపడ్డాడేమో. ముందు లారీ, దాని ముందు లారీ, దాని ముందుది, వరుసగా జరిగిపోతున్నాయి. మా ముందు రోడ్డు ఖాళీ. జయప్రకాష్ ఒక మోకాలు లేపాడు.

"కూర్చో," అంది అలివేలు.

"లైను కదిలింది అలివేలూ. సందు కనిపిస్తే ఎవడో ఒకడు దూరతాడు."

"పెరుగన్నం పడలా. పడకుండా లేచి స్టీరింగు పట్టుకుంటే నేను ఒప్పుకోను."

అతను ఆమెను చూడలేదు, కొడుకును చూశాడు. దీపక్ నోట్లో వేలు పెట్టుకుని, కదిలిపోతున్న లారీలను చూస్తూ, ఎలాంటి బాధా లేకుండా అన్నాడు.

"వేరే లారీలు పోతాండాయి. మన లారీ పోదు."

జయప్రకాష్ గొంతు తగ్గించాడు. "వీడు ఈడ ఉన్నప్పుడు కదలడం ఇదే మొదలు. మళ్ళీ ఎప్పుడో."

"తెలుసు. తిను ముందు."

ఆమె వడ్డించింది. అతను తింటున్నాడు. ఆత్రంగా తిన్నాడని చెప్పాలి, కానీ ఆమె చూస్తుంటే ఆత్రంగా తినడం కూడా కుదరదు. వెనక హారన్లు మొదలయ్యాయి. ఒక లారీ వరుస దాటి ముందుకు రావాలని ముక్కు బయట పెట్టింది. పాల్‌రాజ్ అది గమనించి తన బండి ముందు భాగాన్ని రోడ్డు మీదికి వంకరగా తెచ్చి నిలబెట్టి, కిందికి దిగి, టైరు మీద తీరిగ్గా తట్టి చూడసాగాడు. ఇక మా వెనక ఈగ కూడా దూరలేదు. హార్బరు ఆగింది అన్నానే, అది ఇదే.

ఆ హారన్లకు సూపర్‌వైజరు మోటారుసైకిల్ మీద వచ్చాడు. పేరు తిరువేంగడం అని జేబు మీద కుట్టి ఉంది. పెద్ద మీసం, హెల్మెట్ పెట్రోలు ట్యాంకు మీద. దిగుతూనే తమిళంలో మొదలుపెట్టాడు. ముందు రోడ్డు మైదానంలా ఉంటే బండి ఎందుకు తీయలేదు, ఇది రోడ్డా పెళ్ళి పందిరా, ఈ పిల్లలు ఎవరు. జయప్రకాష్ చెయ్యి పెరుగన్నంలోనే ఆగిపోయింది.

చెన్నైలో పుట్టి పెరిగిన మా తెలుగువాళ్ళం అందరం చేసే పనే నేనూ చేశాను. బయటివాళ్ళ ముందు రహస్యం మాట్లాడాలంటే తెలుగులోకి దిగుతాం, తెలుగు మా ఇంటి గోడ అనుకుని. అలివేలు వైపు తిరిగి, మొహాన నవ్వు పెట్టుకుని, తమిళుల దేవుడి మీద ఏదో స్తోత్రం చదువుతున్నట్టు గట్టిగా అన్నాను.

"ఈ పనసకాయ మొహానికి ఏం తెలుస్తుంది గానీ, పిల్లలిద్దరూ నా మనవళ్ళు, దారిన పోతూ నీడకు కూర్చున్నామని చెప్తా. నువ్వు నోరెత్తొద్దు."

తిరువేంగడం నా వైపు చూశాడు. ఆకుల వైపు చూశాడు. గిన్నె వైపు చూశాడు. తర్వాత మీసం ఒకసారి దువ్వుకుని, చిత్తూరు జిల్లా నుంచి ఆ పొద్దునే బస్సు దిగినవాడిలా అన్నాడు.

"మొహం మా నాయన ఇచ్చింది, ఏం చేద్దాం పెద్దాయనా. పెరుగన్నం అయిందామ్మా, కాలేదా?"

సముద్రం ఒక అల తక్కువ కొట్టింది. నేను ఎండకని తెచ్చుకున్న గొడుగు తెరిచి దాని వెనక్కి పోయాను. కానీ అలివేలు చూడండి. నాకు మతి పోయిన ఆ క్షణంలో ఆమె చెయ్యి సంచిలోకి పోయింది, ఇంకొక అరిటాకు ముక్క బయటికి వచ్చింది.

"కాలేదన్నా. ఇప్పుడే పడింది. నువ్వు తిన్నావా?"

ఆదివారం మధ్యాహ్నం, ఎండలో, మోటారుసైకిల్ మీద తిరిగే మనిషిని ఆ మాట ఎవరు అడుగుతారు. అతను జవాబు చెప్పేలోగా ఆకు పరిచి దాని మీద పులిహోర పెట్టేసింది. ఆకును ఎటు వేసిందో నేను గొడుగు పక్క నుంచి చూశాను. సముద్రం వైపు వేసింది. కూర్చున్నవాడి వీపు లారీకి ఉండేలాగ.

తిరువేంగడం ఆ ఆకును చూసి నిలబడ్డాడు. అతనికి తెలిసిపోయింది. వడ్డించిన ఆకును వద్దనకూడదు. కూర్చుంటే పెరుగన్నం దాకా లేవకూడదు. గరిటె ఎవరి చేతిలో ఉందో పెరుగన్నం ఎప్పుడు పడాలో వాళ్ళ ఇష్టం. అతను అలివేలు మొహం చూశాడు, ఆమె చంకకు ఆనుకుని ఉన్న దీపక్‌ను చూశాడు.

"వీడేమంటాడు?"

"వాళ్ళ నాయనకు బండి నడపడం రాదంటాడు," అంది అలివేలు. "బడిలో కూడా చెప్పి పెట్టినాడు."

అతను జయప్రకాష్ వైపు చూడకుండా చెప్పులు విడిచి ఆకు ముందు కూర్చున్నాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకునే ముందు సముద్రంతో చెప్పినట్టు చెప్పాడు. "అన్నం ముందర కూర్చున్నాక నేను తల తిప్పను. మా అమ్మ కొట్టి నేర్పింది."

జయప్రకాష్ పెరుగన్నం ముగించాడు. ఆకు మడిచాడు. చెయ్యి కడుక్కున్నాడు. తర్వాత కొడుకును చంక కింద చేతులు వేసి ఎత్తి నాలుగు మెట్లూ ఎక్కించాడు. పిల్లాడిని గట్టిగా పట్టుకోవడానికి ఒక పెద్దమనిషి కావాలి కదా, నేను గొడుగు మూసి ఎక్కాను. నందిత తల్లి దగ్గరే ఉండిపోయింది, వడ్డనకు సాయంగా.

దీపక్ నా ఒళ్ళో ఉన్నాడు, ఇల్లు కదా అన్నంత నిబ్బరంగా. జయప్రకాష్ తాళం తిప్పాడు. కిందనుంచి ఒక గురక లేచి మా ముగ్గురి పళ్ళనూ టకటకలాడించింది. నిమ్మకాయ ఊగింది. వాడి చెయ్యి నా చొక్కాను పట్టుకుంది. జయప్రకాష్ రెండు చేతులతో ఆ దిండును తిప్పాడు, పూర్తిగా ఒక చుట్టు. బయట నల్లరాళ్ళు వెనక్కి నడవడం మొదలుపెట్టాయి.

వాడు అరవలేదు, నవ్వలేదు. రాళ్ళను చూశాడు, తండ్రి చేతులను చూశాడు, మళ్ళీ రాళ్ళను చూశాడు. చాలాసేపు లెక్క సరిచూసుకుని, చివరికి మెల్లగా అన్నాడు.

"నాన్నా, ఇల్లు పోతాంది."

"అవును నాయనా."

"నువ్వే పోనిస్తాండావా?"

"నేనే."

మేము మైలు దూరం పోయాం. సరే, నాలుగు లారీల పొడవు. ముందు లారీ తోక దగ్గరపడగానే మళ్ళీ ఆగిపోయాం. జయప్రకాష్ బ్రేకు వేసి, చేతులు స్టీరింగు మీదే ఉంచి, ముందుకు చూస్తూ కూర్చున్నాడు. అతని మొహం నేను వర్ణించను.

నేను అద్దంలో వెనక్కి చూశాను. లారీ కదిలితే నీడ కూడా దానితోపాటు వచ్చేసింది కదా. అక్కడ మండుటెండలో చాప, చాప మీద తిరువేంగడం, నెత్తిన చేతిరుమాలు వేసుకుని, సముద్రం వైపే మొహం పెట్టి, తల తిప్పకుండా పులిహోర తింటున్నాడు. అలివేలు అతనికి నీడగా తన కొంగు చివర పట్టి నిలబడింది. ఇంకో చేతిలో గరిటె ఉంది. పెరుగన్నం ఇంకా వడ్డించలేదు. పాల్‌రాజ్ బండి చాప పక్కనుంచి జాగ్రత్తగా జరిగి వచ్చి మా వెనక చేరుతుంటే, ఆ వెనకవాళ్ళు కూడా కదిలారు. అప్పుడు ఆమె గరిటె దించింది.

మేము దిగి నడుచుకుంటూ వెనక్కి వచ్చేసరికి అతను చెయ్యి కడుక్కుంటున్నాడు. నేను పనసకాయ గురించి ఏదో సర్దిచెప్పబోయాను. పనసకాయ లోపల తియ్యగా ఉంటుంది కదా అన్నాను. ఇంకో కాయ పేరు ఎత్తకముందే ఆపమన్నాడు. హెల్మెట్ తగిలించుకుంటూ అలివేలుతో మాత్రం మాట్లాడాడు.

"నేను ఈడికి రాలేదమ్మా. మిమ్మల్ని చూడలేదు. మీరూ ఈడికి రాలేదు, ఈ ఆదివారం గానీ ఇంకే ఆదివారం గానీ. ఎవరడిగినా అంతే. ఎవరో ఒకరు నోరు జారినారంటే పోయేది ఆయన పని."

ఆయన అంటే జయప్రకాష్. కానీ ఆ మాట అంటూ అతను చూసింది నన్ను.

తిరుగు రైల్లో దీపక్ నిద్రపోయాడు. మధ్యలో ఒకసారి చేతులు రెండూ గాలిలో గుండ్రంగా తిప్పాడు. సోమవారం బడిలో టీచరమ్మ అడగకుండానే లేచి నిలబడి, మా నాన్న ఇల్లు నడుపుతాడు అని చెప్పాడట. టీచరమ్మ, ఇంటి ఖర్చులు చూసుకుంటాడనుకుని, మంచిది నాయనా కూర్చో అందట. వాడికది చాలు. జయప్రకాష్‌కు అంతకంటే చాలు. ఆ వారమంతా అతను మెట్లెక్కేటప్పుడు ఈల వేయడం మేమిద్దరం కింద నుంచి విన్నాం.

నేను మూడు రోజులు నోరు మూసుకున్నాను. మా ఆవిడను అడగండి. నాలుగో రోజు మీసం పేరు మార్చి, ఊరి పేరు మార్చి అరుగు మీద మొదలుపెట్టాను. పిల్లలు మేడమెట్లు వదిలి ఒక్కొక్కరే ఇటు వచ్చారు. ఓడలు ఆగే చోటికి వచ్చేసరికి నాకు ఉత్సాహం ఆగక అసలు పేర్లన్నీ దొర్లాయి. సరిగ్గా అప్పుడే అలివేలు బట్టల బకెట్టు పట్టుకుని మెట్లు దిగుతోంది. దీపక్ ఆమె కొంగు పట్టుకుని, రెండో చేత్తో గాలిలో స్టీరింగు తిప్పుతూ, మలుపుల దగ్గర హారను కొడుతూ దిగుతున్నాడు. వెనకే, ఆ రోజు సెలవు పడ్డ జయప్రకాష్.

పిల్లలందరూ ఆమె వైపు తిరిగారు. మా ముందింటి పిల్లవాడు, ఇది నిజమా అత్తా అని అడిగాడు. అలివేలు బకెట్టు కింద పెట్టింది. ముందు నన్ను చూసింది, తర్వాత వాళ్ళను.

"ఎన్నూరు ఏ దిక్కున ఉండాదో కూడా నాకు తెలీదు. లారీ నేను బొమ్మలోనే చూసినా. మా ఇంట్లో ఎవరూ పెరుగు తినరు. ఈ మనిషి ఎవరో," అని మొగుడిని చూపించింది, "ఇప్పుడే మెట్ల మీద కనిపించినాడు. తాత చెప్పింది మొదటి నుంచి చివరిదాకా ఒక్క ముక్క నిజం కాదు. పోయి ఆడుకోండి."